నోటరీ కావాలంటే ఏం చదవాలి?

అఫిడవిట్ కోసమో, సర్టిఫికెట్లలో పేరు తేడా వచ్చిందనో మనం నోటరీ దగ్గరకు వెళుతుంటాం. ఆ స్థానానికి మన పిల్లలు కూడా చేరుకోవచ్చన్న ఆలోచన మాత్రం చాలా ఇళ్లలో రాదు.

నోటరీల నియామకం 1952 నాటి నోటరీల చట్టం, 1956 నాటి నిబంధనల ప్రకారం జరుగుతుంది. ముందుగా ఇంటర్ తర్వాత ఐదేళ్లు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్లు లా చదవాలి. బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా నమోదై, అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. కనీసం 10 ఏళ్లు ప్రాక్టీసు చేయాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఇతర వెనుకబడిన తరగతుల వారికి 7 ఏళ్లు చాలు. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వానికి గానీ, రాష్ట్ర ప్రభుత్వానికి గానీ నిర్ణీత ఫారంలో దరఖాస్తు చేసుకోవాలి. నియమితులైన వారికి 5 ఏళ్లకు సర్టిఫికెట్ ఇస్తారు. గడువు తీరాక పునరుద్ధరించుకోవచ్చు.

ప్రమాణం చేయించడం, పత్రాలను ధ్రువీకరించడం, చేసిన ప్రతి పనినీ రిజిస్టరులో రాయడం నోటరీ విధులు.

ఒక హెచ్చరిక. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. 100 రూపాయలు, అంతకు మించిన విలువగల ఇల్లు, స్థలం అమ్మకాన్ని 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాల్సిందే. నోటరీ కాగితాన్ని నమ్మి ఇల్లు కొంటే యాజమాన్య హక్కు రాదు, కష్టార్జితం చిక్కుల్లో పడుతుంది. పెళ్లి, విడాకుల పత్రాలు ఇచ్చే అధికారమూ నోటరీకి లేదు.

ఈ సంగతి ముందే చెప్పి, సరైన కార్యాలయానికి పంపే నోటరీ బస్తీకి ఒక్కరున్నా ఎన్నో కుటుంబాలు నిలబడతాయి. ఇంటర్ చదివే మీ అమ్మాయికి, అబ్బాయికి ఈ ఏడాదే లాసెట్ గురించి చెప్పండి.