ప్రతిజ్ఞ: తెలుగులో పుట్టిన దేశం మాట

బడిలో ప్రార్థన వేళ కుడిచేయి ముందుకు చాచి, ముందు నిలబడ్డ పిల్లవాడి వెంట అందరం చెప్పిన జాతీయ ప్రతిజ్ఞను రాసింది మన తెలుగువాడే. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ దీన్ని తెలుగులో రాశారు. నాయకుడు తెన్నేటి విశ్వనాథం చొరవతో అది అప్పటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజుకు చేరింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లో మొదలైంది. కవి పేరు చాలా ఏళ్లు ఎవరికీ పట్టలేదు. అది మనసుకు కష్టంగానే ఉంటుంది. కనీసం పరీక్ష కోసమైనా ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

పెద్దలను, గురువులను గౌరవించాలని, జంతువులపట్ల దయ చూపాలని పిల్లల చేత చెప్పించిన మాట ఇది. రాజ్యాంగంలో ప్రాథమిక విధులు చేరింది ఆ తర్వాతే: 1976లో, 42వ సవరణతో, 51ఎ అధికరణంగా. స్వరణ్ సింగ్ కమిటీ సూచించినవి 8, చేర్చినవి 10. ఇక్కడే చాలామంది తడబడతారు. 2002లో 86వ సవరణ పదకొండోది చేర్చింది: 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల లేదా సంరక్షకుల విధి. చెరువులు, నదులను కాపాడటం, ప్రభుత్వ ఆస్తిని పాడుచేయకపోవడం కూడా ఈ జాబితాలోనివే. ఆర్టీసీ బస్సు సీటు చింపకుండా దిగడమూ అందులోకే వస్తుంది.