నారుమడికి కాపలా కాసే బాక్టీరియా



"బాక్టీరియా అంటే ఏమిటి?" అని ఎనిమిదో తరగతిలో అడిగితే ముందుగా వచ్చే జవాబు "జబ్బు చేసే క్రిమి, మేడమ్" అనే. తప్పు పిల్లలది కాదు. హ్యాండ్‌వాష్ ప్రకటనల్లో వాళ్ళకు కనిపించేది కోరలున్న పచ్చరంగు బొమ్మే కదా. అందుకే ఈ నెల సూక్ష్మజీవుల పాఠం మొదలుపెట్టే ముందు టమాటా నారు ట్రే ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆ ట్రే చెప్పిన పాఠం మీతో కూడా పంచుకుంటున్నాను.

పొద్దునకల్లా పడిపోయిన నారు

నేను టమాటా రైతు కూతురిని. మాది మదనపల్లె దగ్గర పల్లె. నేను బీఈడీలో చేరాల్సిన ఏడాది నాలుగు రోజులు ముసురు పట్టింది. సాయంత్రం పచ్చగా నిలబడిన నారు పొద్దునకల్లా మడిలో గుంపులు గుంపులుగా వాలిపోయింది. మొక్క పీకి చూస్తే, నేలను తాకే చోట కాండం నీళ్ళు పట్టినట్టు మెత్తబడి, దారంలా సన్నబడి ఉంది. నాన్న పరుగున వెళ్ళి మందు తెచ్చి పోశారు. పడిన మొక్క ఒక్కటీ లేవలేదు. టమాటా నారు నాటే వయసుకు రావడానికి 25 నుంచి 30 రోజులు పడుతుంది. అంటే మళ్ళీ విత్తనం కొనడంతో పాటు ఒక నెల పోయినట్టే. ఆ ఏడాది నా ఫీజు మొదటి వాయిదా అప్పు తెచ్చి కట్టారు.

దీన్ని నారుకుళ్ళు తెగులు అంటారు. టమాటా, మిరప, వంగ నారుమళ్ళలో ఇది మామూలే. మట్టిలో ఉండే పిథియం, రైజోక్టోనియా దీనికి ముఖ్య కారణాలు. రైజోక్టోనియా శిలీంధ్రం. పిథియం శిలీంధ్రంలా కనిపించినా, శాస్త్రవేత్తలు ఇప్పుడు దాన్ని వేరే గుంపులో లెక్కిస్తున్నారు. మడిలో నీళ్ళు నిలిచి, నారు ఒత్తుగా ఉంటే వీటికి పండగే.

కాపలా ఎలా కాస్తాయి?

వ్యవసాయ మందుల దుకాణాల్లో సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్, బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా ప్యాకెట్లు దొరుకుతాయి. ఇవి నాలుగు రకాలుగా పనిచేస్తాయి.

ఒకటి, చోటు. బస్సులో ముందుగా ఎక్కినవాళ్ళు సీట్లు పట్టుకున్నట్టు, ఇవి విత్తనం మీదా లేత వేరు మీదా ముందే స్థిరపడతాయి. వేరు నుంచి ఊరే చక్కెరలు తినేస్తాయి. తెగులుకు చోటు, తిండి రెండూ తగ్గుతాయి.

రెండు, ఇనుము. మట్టిలో ఇనుము ఉన్నా సూక్ష్మజీవులకు సులువుగా అందదు. సూడోమోనాస్ సైడరోఫోర్లు అనే పదార్థాలను విడిచి, ఉన్న కాస్త ఇనుమునూ పట్టేసుకుంటుంది. శిలీంధ్రానికి కరువొస్తుంది. జోసెఫ్ క్లోపర్, మిల్టన్ ష్రాత్ బృందం 1980లో నేచర్ పత్రికలో ఈ సైడరోఫోర్ల మేలు గురించి రాసింది. అతినీలలోహిత కాంతిలో ఈ బాక్టీరియా పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరిసేది కూడా ఇలాంటి పదార్థం వల్లే. పేరులో ఫ్లోరోసెన్స్ అందుకే వచ్చింది.

మూడు, విరుగుడు. బాసిల్లస్ సబ్టిలిస్ తయారు చేసే ఇటురిన్, ఫెంజిసిన్ అనే పదార్థాలు శిలీంధ్ర కణాల పొరను దెబ్బతీస్తాయి.

నాలుగు, హెచ్చరిక. వేరు దగ్గర ఈ బాక్టీరియా చేరగానే మొక్క తన రక్షణను సిద్ధం చేసుకుంటుంది. తర్వాత తెగులు వస్తే త్వరగా ఎదుర్కొంటుంది.

ఈ నాలుగింటిలో ఎక్కువ భాగం తెగులు రాకముందు జరగాల్సిన పనులే. పడిపోయిన మొక్కను ఏ బాక్టీరియా లేపలేదు. ఆ రోజు నాన్న తెచ్చిన మందు పనిచేయకపోవడానికీ కారణం ఇదే. కాపలాదారుని దొంగతనం జరిగాక పెట్టుకుంటే ఏం లాభం? ఇప్పుడు నాన్న విత్తే రోజే కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పొడి పట్టిస్తున్నారు. మడిని ఎత్తుగా చేసి, నీళ్ళు నిలవకుండా కాలువ తీస్తున్నారు.

ఆ రెండో పని కూడా ముఖ్యమే. మా క్లాసులో రెండు ట్రేలు పెట్టాం. పొడి పట్టించిన ట్రేలో నారు బాగానే నిలబడింది. కానీ కుళాయి నీళ్ళు చుక్కచుక్కగా పడే మూల మాత్రం ఆ ట్రేలోనూ మొక్కలు కుళ్ళాయి. "మరి బాక్టీరియా ఏం చేస్తోంది మేడమ్?" అని ఒక పాప నిలదీసింది. ఈ నెలలో నేను విన్న మంచి ప్రశ్న అది. సాయం చేసేవాళ్ళున్నా మన పని మనం చేయాల్సిందే.

ఇంట్లో పిల్లలతో చేయండి

పండిన టమాటా గింజలు కడిగి నీడలో ఆరబెట్టండి. రంగు పూసిన ప్యాకెట్ విత్తనాలు వద్దు, వాటికి రసాయన మందు పట్టించి ఉంటుంది. సగం గింజలకు తడి చేసి, చిటికెడు సూడోమోనాస్ పొడి పట్టించి, అరగంట నీడలో ఉంచి ఒక కుండీలో విత్తండి. మిగతా సగం ఇంకో కుండీలో. రెండింటికీ ఒకే మట్టి, ఒకే కొలత నీళ్ళు. ఎన్ని మొలిచాయో, ఎన్ని పడిపోయాయో మూడు వారాలు పిల్లలే రాయాలి. రెండు కుండీలతో శాస్త్రం తేలదు కానీ, చూసి రాయడం అలవాటవుతుంది.

పొడి కొనేటప్పుడు గడువు తేదీ తప్పక చూడండి. అందులో ఉన్నది ప్రాణమున్న సరుకు. ఎండలో పెట్టకండి, రసాయన మందులతో కలపకండి. పొడి పట్టించే పని మీరు దగ్గరుండి చేయించండి. ముక్కుకు గుడ్డ కట్టించండి, తర్వాత సబ్బుతో చేతులు కడిగించండి. మొక్కకు మేలు చేసేదైనా మన కంట్లో, నోట్లో పడాల్సిన పని లేదు.

భోజనాల దగ్గర అడగండి

1. పొడిని తెగులు రాకముందే ఎందుకు వాడాలి?
2. రెండు కుండీలకూ ఒకే మట్టి ఎందుకు?
3. ఎండలో పెడితే పొడి ఎందుకు పాడవుతుంది?

జవాబు తప్పైనా వెంటనే సరిదిద్దకండి. కుండీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూడమనండి. పిల్లలు రాసిన లెక్కలు వచ్చే నెల పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురండి. నారు మొత్తం పడిపోయినా సరే, ఆ నోట్‌బుక్ నాకు చూపించండి. ఎందుకు పడిపోయిందో కలిసి వెతుకుదాం.