శాసనపాఠ నిర్ణయమునకు నెగిటివు ఫలకములు - స్కానరు ఎంపిక

కృష్ణాతీర శాసనములను పరిశోధించువారికి శిల ఎంత ప్రమాణమో, కొన్ని యెడల ప్రాచీన ఛాయాచిత్రపు నెగిటివు కూడ అంత ప్రమాణము. విజయవాడకు ఎగువనున్న నాగార్జునకొండయే ఇందుకు నిదర్శనము. అచట లాంగ్‌హర్స్టు 1927-31 నడుమను, ఆర్. సుబ్రహ్మణ్యము 1954-60 నడుమను త్రవ్వకములు జరిపిరి. పిదప ఆ లోయ నాగార్జునసాగర జలాశయమున మునిగినది. ముఖ్యమైన కట్టడములు కొన్ని కొండపైకిని, అనుపునకును తరలింపబడినవి. కాని స్తంభములు బయల్పడిన తావును, బయల్పడిన తీరును నేడు కన్నులకు చూపగలవి నాటి ఛాయాచిత్రములే.

గ్రంథపరిష్కరణ పరిభాషలో చెప్పవలెనన్న నెగిటివు మాతృక, స్కానరు లేఖకుడు. లేఖకుడు నేర్పరి కావచ్చును గాని, మాతృకను దిద్దరాదు. స్కానరును ఎన్నుకొనునపుడు ఈ న్యాయమునే పాటింపవలెను.

మొదటిది పరిమాణము. కార్యాలయములలోని సామాన్య స్కానరు కాగితముపై పడి మరలిన వెలుతురును గ్రహించును. నెగిటివునకు వెలుతురు పైనుండి ఫలకము గుండా రావలెను. ఆ దీపము ఫలకమంతటిని ఆవరింపవలెను. ఎప్సన్ వి600 యందు ఈ వెడల్పు సుమారు 2.7 అంగుళములు మాత్రమే. 6½ × 8½ అంగుళముల ఫలకమును అందులో ముక్కలుగా తీసి అతుకవలసివచ్చును. అతుకు అక్షరముపై పడినచో పాఠము సందిగ్ధమగును. 2014లో వెలువడిన వి850 యందు 8 × 10 అంగుళముల వరకు ఒకేమారు తీయవచ్చును. డ్రమ్ము స్కానరు మిక్కిలి సూక్ష్మగ్రాహియే గాని, అందు ఫిల్మును గుండ్రని పీపాకు చుట్టవలెను. గాజు వంగదు గదా!

రెండవది సూక్ష్మత. 60 అంగుళముల స్తంభము ఫలకముపై 8 అంగుళములుగా పడినదనుకొందము. శిలపై 3 మిల్లీమీటర్ల అనుస్వారము అందు 0.4 మిల్లీమీటరగును. అంగుళమునకు 300 చుక్కల చొప్పున తీసినచో దానికి అడ్డముగా అయిదు చుక్కలైనను రావు. 1200 చొప్పున సుమారు 19 వచ్చును. ప్రకటనలలోని 6400, 9600 అను సంఖ్యలకు భ్రమపడనక్కరలేదు. కటకపు శక్తి అంతటిది కానప్పుడు దస్త్రము పెరుగునే గాని వివరము పెరుగదు. అయితే నలుపుతెలుపుల ఛాయలను 16 బిట్లలో భద్రపరచుట అవసరము. 8 బిట్లలో 256 అంతరములే యుండును. 16 బిట్లలో 65,536 అంతరములకు చోటుండును.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ధూళి. ఇక్ష్వాకుల ప్రాకృత శాసనములలో షష్ఠీ బహువచనమునందలి 'నం' అను రూపమునకు బిందువే ప్రాణము. ఛాయాగ్రహణమునకు ముందు అక్షరములలో సుద్ద నింపు ఆచారము కలదు. అట్టి చిత్రమున బిందువు తెల్లగా కనిపించును. నెగిటివుపై ధూళి వెలుతురును ఆపును గనుక, అదియు చిత్రమున తెల్లగానే కనిపించును. ఇట్లు రెండును ఒకే రూపము దాల్చును. రంగు ఫిల్ములందు పరారుణ కిరణములతో ధూళిని గుర్తించి తొలగించు ఏర్పాటు కొన్ని స్కానరులలో కలదు. వెండి ఆ కిరణములను కూడ ఆపును గావున నలుపుతెలుపు నెగిటివులకు అది పనికిరాదు. చిన్న చుక్కలను ఊహించి చెరిపివేయు సాధనములు మరింత ప్రమాదకరములు. అవి ధూళితోపాటు అనుస్వారమును కూడ చెరిపివేయగలవు.

కావున ధూళిని గాలితిత్తితో మాత్రమే తొలగించి, ఫలకమును రెండుమారులు తీయవలెను. రెండవమారు స్థానము మారినది ధూళి. మారనంతమాత్రమున అది బిందువని నిర్ణయింపరాదు. గాజుపూతలోని మచ్చయు కావచ్చును. అప్పుడు శిలనో, అచ్చుప్రతినో, వేరొక నెగిటివునో పోల్చి చూడవలెను.

స్కానరు కొనజాలని కళాశాలలు వెలుతురుపెట్టెపై ఫలకమునుంచి మంచి కెమెరాతో ప్రతి తీసికొనవచ్చును. ఏ పద్ధతి నవలంబించినను దిద్దని తొలి ప్రతిని వేరుగా దాచి, పాఠమును ప్రకటించునపుడు దానిని ఏ ప్రతి నుండి గ్రహించిరో తెలుపవలెను. ఒక్క బిందువు పోయినను వ్యాకరణము మారునని యెరిగిన మనకు ఈ జాగరూకత క్రొత్తది కాదు.