తాళపుచెవికి కాపలా

చివ్వెంల మండలమందలి దురాజ్‌పల్లిలో, పెద్దగట్టుపై, రెండేండ్ల కొకసారి లింగమంతులస్వామి జాతర జరుగును. భక్తుడు అంగడిలో కొబ్బరికాయ కొని, నేడు చేతిఫోనుతోనే పైకము చెల్లించుచున్నాడు. ఆ వార్త బ్యాంకునకు చేరులోపల ఎన్నియో యంత్రములను దాటిపోవును. త్రోవలో పొంచియుండి వినువారు లేకపోరు. అందుచే అది గూఢలిపిగా మారి పయనించును.

గూఢలిపిని విప్పు రహస్యసంఖ్యయే దాని తాళపుచెవి. పెట్టెకు తాళము వేయుట సులభమే. తాళపుచెవిని దూరముననున్న మిత్రునకు దొంగల కంటబడకుండ అందించుటెట్లు? 1977లో రివెస్ట్, షమీర్, ఏడల్మన్ అను మువ్వురు ఇందుకొక గణితోపాయమును కనుగొనిరి. 61ని 53చే గుణించిన 3233 వచ్చును. ఇది పలకమీది లెక్క. 3233ను మాత్రమే చూపి, ఇది యే రెండు సంఖ్యల లబ్ధమని యడిగినచో కొంతసేపు తల గోకికొనవలసినదే. వందలకొలది అంకెలుగల సంఖ్యయైనచో నేటి మహాయంత్రములును చేతులెత్తివేయును. పాత పద్ధతికి ఈ కష్టమే కోటగోడ.

ఆ గోడకు బీట కలదని 1994లో పీటర్ షోర్ చూపెను. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటరు నిర్మింపబడినచో ఆ లెక్కను అది త్వరలోనే విప్పగలదు. అట్టి యంత్రమింకను రాలేదు. కాని దొంగ నేటి లేఖలను దాచియుంచి, అది వచ్చిననాడు చదువుకొనవచ్చును! ఇరువదియేండ్లు దాగియుండవలసిన దేశరక్షణ పత్రముల గతియేమి?

1984లోనే బెన్నెట్, బ్రాసార్డ్ అనువారు వేరొక మార్గము చెప్పియుండిరి. తాళపుచెవిని ఒక్కొక్క కాంతికణముగా పంపవలెను. తెలియని స్థితిలోనున్న కణమునకు నకలు తీయ వీలులేదు. కొలువబోయినచో ఆ స్థితి చెదరును. దొంగ తాకినచో తప్పులు పెరుగును. ఉభయులును కొన్ని అంకెలను పోల్చిచూచి, తప్పులు మిక్కుటమైనచో ఆ తాళపుచెవిని పారవైతురు. లేఖ అప్పటికి బయలుదేరియే యుండదు గనుక దొంగకు దక్కునది శూన్యము.

2020 డిసెంబరులో హైదరాబాదునందలి డి.ఆర్.డి.ఎల్., ఆర్.సి.ఐ. అను రక్షణ పరిశోధనశాలల నడుమ ఈ విధానమును ప్రదర్శించిరి. గాజుతీగలో 12 కిలోమీటర్ల మేరకు అది పరీక్షకు నిలిచెను. 2022లో ప్రయాగరాజ్, వింధ్యాచలముల నడుమ నూరు కిలోమీటర్లు దాటెను. చివ్వెంల నుండి హైదరాబాదు అంతకంటెను దూరము. దూరము పెరిగినకొలది కాంతికణములు తీగలోనే హరించిపోవును. కనుక జాతర భక్తుని పైకమునకు ఇప్పటికిని గణితపు తాళమే దిక్కు. క్వాంటం కంప్యూటరునకును లొంగవని భావింపబడు క్రొత్త గణిత తాళములను అమెరికా ప్రమాణసంస్థ 2024లో ప్రకటించినది.