పాత బుల్లెట్టు – కిక్కు వెనుకనున్న శాస్త్రము

విద్యార్థులారా! పాత బుల్లెట్ బండిని తన్ని లేపుటకు భీమబలము కావలెనని పలువురు తలంతురు. బలమునే నమ్మినవారి పిక్కను, చీలమండను ఆ కిక్కు పిడి ఎదురు తన్నుట మేమెరుగుదుము. కావలసినది వరుస తెలియుట. ఆ వరుస మీ విజ్ఞానశాస్త్ర పాఠములోనే యున్నది.

ఈ బండి పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణము. 1955లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు మద్రాస్ మోటార్సు వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించిరి. త్యాగరాజస్వామి త్రిపురసుందరిపై కీర్తనలు రచించిన తిరువొత్తియూరే దాని కార్యస్థానమయ్యెను.

350 బుల్లెట్టు సిలిండరు వ్యాసము 70 మి.మీ.; అందులో ముషలకము, అనగా పిస్టను, నడచు దూరము 90 మి.మీ. చూషణము, సంపీడనము, శక్తి, రేచకము అను నాలుగు ఘాతములు ముగియుటకు క్రాంకు రెండు చుట్లు తిరుగును. సంపీడనములో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము ఇంచుమించు ఆరున్నర వంతుల చోటినుండి ఒక వంతు చోటికి అణగును. కాలికి తగులు బిగువు అదియే. పిస్టను పైకొనను చేరుటకు కొంచెము ముందే నిప్పురవ్వ పుట్టును. తన్ను మందమైనచో, పిస్టను కొన దాటకమునుపే మిశ్రమము మండి దానిని వెనుకకు నెట్టును. ఎదురుతన్నునకు కారణమిదియే.

కనుక ఈ క్రమమును పాటింపవలెను:

1. గేరు న్యూట్రలులో నుంచి, పెట్రోలు కుళాయి తెరచి, తాళము త్రిప్పవలెను. ఇంజను చల్లగా నున్నచో చోక్ వేయవలెను.

2. పిడిని మెల్లగా నొక్కుచు అమ్మీటరును చూడవలెను. ఎడమకు ఒరిగిన ముల్లు నడుమకు వచ్చి, కాలికి బిగువు తగిలినచో పిస్టను పైకొనను సమీపించినట్లు.

3. డీకంప్రెసర్ పిడిని పట్టి ఒత్తిడిని వెలికి విడిచి, కిక్కును మరికొంచెము నొక్కి, పిస్టనును కొన దాటించి, ఆ పిడిని విడువవలెను.

4. కిక్కును పైకి రానిచ్చి, యాక్సిలరేటరు త్రిప్పక, ఒక్క ఊపున తుదివరకు తన్నవలెను.

ఇప్పుడు తరువాతి సంపీడనపు కొనకు దాదాపు రెండు చుట్ల దూరమున్నది. ఆ దూరములో వేగమందుకొన్న గతిపాలక చక్రము తన జడత్వముచే పిస్టనును కొన దాటించును, ఇంజను మేల్కొనును.

తల్లిదండ్రులకొక మాట: తెలుగులో చదివిన బిడ్డ వర్క్‌షాపులో నెగ్గునా యని మీరు శంకింతురు. అచ్చట పనిముట్ల పేర్లు తమిళమునను ఇంగ్లీషునను వినబడును. అవి వారము దినములలో అలవడును. కారణము తెలిసినవాడే బండి మొరాయించినప్పుడు నిలువగలడు. ఆ కారణము మాతృభాషలో చక్కగా బోధపడును.

అభ్యాసము: పై కొలతలనుండి 346 ఘన సెంటీమీటర్లు ఎట్లు వచ్చునో గణింపుడు.