మన వేలు – మన నంబరు

ఒకప్పుడు ఏ కాగితం ముందు పెట్టినా బొటనవేలికి సిరా పూసి నిశాని వేసేవాళ్లం. అందులో ఏమి రాశారో మనకు తెలిసేది కాదు. తర్వాత అక్షరాలు నేర్చుకున్నాం. ఇప్పుడు చదివి సంతకం పెడుతున్నాం.

కాని వేలిముద్ర మళ్లీ వచ్చింది. రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెడుతున్నాం. బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి పైసలు తీసుకుంటున్నాం. కొన్ని పనులకు వేలు బదులు ఫోనుకు వచ్చిన నంబరు అడుగుతారు. ఆ నంబరునే ఓటీపీ అంటారు. వేలిముద్ర అయినా, ఓటీపీ అయినా మన సంతకంతో సమానం. ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

విస్తర్ల వ్యాపారం

కొత్తగూడ మహబూబాబాద్ జిల్లాలో ఒక మండలం. చుట్టూ అడవి. అక్కడ ఒక ఊళ్లో ఒక అక్క ఉందనుకుందాం. ఆమె మోదుగ ఆకులు తెచ్చి విస్తర్లు కుడుతుంది. పెళ్లిళ్లకు అమ్ముతుంది. ఇంకా ఎక్కువ కుట్టాలంటే మిషన్ కావాలి. మిషన్ కొనాలంటే బ్యాంకు అప్పు కావాలి.

"మీ వ్యాపారం నమోదు చేయించుకోమ్మా. ఉద్యమ్ సర్టిఫికెట్ తీసుకురా" అన్నారు బ్యాంకులో.

ఇంటికి వచ్చి డిగ్రీ చదివిన అక్క బిడ్డను అడిగింది.

"బిడ్డా, ఉద్యమ్ అంటే ఏంది?"

"చిన్నమ్మా, చిన్న చిన్న వ్యాపారాలు చేసేవాళ్ల పేర్లు సర్కారు రాసుకుంటది. 2020 జులై 1 నుంచి ఈ పద్ధతి వచ్చింది. ఇంటర్నెట్‌ల సర్కారు వెబ్‌సైటు ఉన్నది. అండ్ల మన వివరాలు నింపాలె."

"ఎన్ని పైసలు కట్టాలె?"

"ఒక్క పైసా కట్టొద్దు. ఏటేటా మళ్లీ చేయించుడు కూడా లేదు."

"మరి ఆ వెబ్‌సైటుకు నేనెవరో ఎట్ల తెలుస్తది? నా ముఖం చూస్తదా?"

బిడ్డ నవ్వింది. "మంచిగ అడిగినవ్ చిన్నమ్మా. చెప్త విను" అన్నది.

వెబ్‌సైటు మనల్ని ఎట్లా గుర్తుపడుతుంది?

1. ముందు మన ఆధార్ నంబరు, పేరు అడుగుతుంది. ఆధార్‌లో 12 అంకెలు ఉంటాయి.

2. ఆ నంబరు ఆధార్ సంస్థ కంప్యూటరుకు వెళ్తుంది.

3. ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఒక సందేశం వస్తుంది. అందులో 6 అంకెల ఓటీపీ ఉంటుంది. అది కొద్ది నిమిషాలే పనిచేస్తుంది.

4. ఆ అంకెలు వెబ్‌సైటులో నింపాలి. సరిపోతే, "ఈ మనిషి ఈమెనే" అని ఆధార్ సంస్థ చెబుతుంది. అప్పుడు మిగతా వివరాలు నింపవచ్చు. పాన్ కార్డు నంబరు కూడా అడుగుతారు.

అంటే ఫోను మన చేతిలో ఉండాలి. పాత నంబరు ఆధార్‌కు ఉంటే ఓటీపీ ఇంకొకరి ఫోనుకు పోతుంది. అట్లాంటప్పుడు ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించుకోవాలి. పాన్ కార్డు లేని చిన్న వ్యాపారులకు ఇంకో దారి ఉంది. దాని పేరు ఉద్యమ్ అసిస్ట్. అది 2023 జనవరిలో మొదలైంది. బ్యాంకులో అడగాలి.

ఇద్దరూ కూర్చొని నింపారు. ఓటీపీ వచ్చింది. చిన్నమ్మ ఒక్కొక్క అంకె కూడబలుక్కొని చదివింది. తన వేలితోనే నొక్కింది. సర్టిఫికెట్ వచ్చింది. అందులో తన పేరు చదువుకొని సంబరపడింది.

ఒక ఫోను వచ్చింది

నాలుగు రోజులైంది. ఫోను మోగింది.

"ఉద్యమ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీ సర్టిఫికెట్ ఆగిపోయింది. వెరిఫికేషన్ చేయాలి. మీ బ్యాంకు కార్డు మీద నంబర్లు చదవండి."

చిన్నమ్మ భయపడింది. కార్డు ముందూ వెనకా ఉన్న అంకెలన్నీ చదివి చెప్పింది.

"ఇప్పుడు మీకు ఓటీపీ వస్తుంది. తొందరగా చెప్పండి!"

సందేశం వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కాని అంకెలు వచ్చు. 6 అంకెల ఓటీపీ పక్కన ఇంకో అంకె కనిపించింది. 4,000.

"సార్, సర్టిఫికెట్‌కు పైసల్లేవు గదా! ఈ నాలుగు వేలు దేనికి?"

"అది మీకు అర్థం కాదమ్మా. ఓటీపీ చెప్పండి!"

"అర్థం కానిదానికి నేను నిశాని వెయ్య" అని ఫోను పెట్టేసింది.

వెంటనే బిడ్డను పిలిచింది. ఇద్దరూ బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించారు. సైబర్ మోసాల నంబరు 1930కి కూడా చెప్పారు. కార్డు అంకెలు చెప్పడం తప్పే. ఓటీపీ చెప్పలేదు కాబట్టి నాలుగు వేలు దక్కాయి.

వేలిముద్ర సంగతి

2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీద జనం వేసిన వేలిముద్రలు ఇంటర్నెట్‌లో అతనికి దొరికాయి. వాటితో రబ్బరు ముద్రలు చేశాడు. జనానికి తెలియకుండా వాళ్ల పేరు మీద వేల సిమ్ కార్డులు తీశాడు.

ఓటీపీ ప్రతిసారీ మారుతుంది. వేలిముద్ర మారదు. అందుకే దానికి తాళం వేసే వీలుంది. ఆధార్ వెబ్‌సైటులో, ఎం ఆధార్ యాప్‌లో ఆ తాళం ఉంది. తాళం వేస్తే ఎవరూ మన వేలిముద్ర వాడలేరు. మన వేలు కూడా మిషన్ మీద పనిచేయదు. రేషన్‌కు వెళ్లే ముందు తాళం తీయాలి.

గుర్తుంచుకుందాం

• ఉద్యమ్ నమోదుకు పైసలు కట్టనక్కర లేదు. సర్కారు వెబ్‌సైటు పేరు చివర "డాట్ గవ్ డాట్ ఇన్" అని ఉంటుంది. పైసలు అడిగే దొంగ వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి.

• ఓటీపీని మన చేతితో మనమే నింపాలి. ఫోనులో ఎవరికీ చెప్పొద్దు.

• సందేశంలో పైసల అంకె ఉందా? ముందు అది చూడాలి. చదవరాకపోతే ఇంటి మనిషితో, సంఘం అక్కతో చదివించుకోవాలి. అప్పటిదాకా ఆగాలి.

• మిషన్ మీద వేలు పెట్టే ముందు "ఎందుకు? ఎంత?" అని అడగాలి. రసీదు తీసుకోవాలి.

• ఆధార్ మీద అనుమానం ఉంటే 1947కు ఫోను చేయాలి. పైసలు పోతే ఆలస్యం చేయకుండా 1930కి చేయాలి.

కొత్త మాటలు

నమోదు – పేరు, వివరాలు రాయించుకోవడం
ఓటీపీ – ఒక్కసారికే పనిచేసే రహస్య నంబరు
వెరిఫికేషన్ – మనిషి నిజంగా ఆ మనిషేనా అని చూడడం

మాట్లాడుకుందాం

1. చిన్నమ్మ ఏ తప్పు చేసింది? మోసం ఎట్లా కనిపెట్టింది?
2. "తొందరగా చెప్పండి" అని అతను ఎందుకు అన్నాడు?
3. మీ ఆధార్‌కు ఏ ఫోను నంబరు ఉంది? అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

రాద్దాం

1930, 1947 – ఈ రెండు నంబర్లు పెద్ద అంకెలతో రాయండి. ఏది దేనికో పక్కన రాయండి. ఇంట్లో గోడకు అంటించండి.