ఏ రేషియో మంచిది? పిల్లల్ని అడగండి!



"టీచర్, 3.14 కన్నా 3.92 పెద్దది కదా! మరి దానికి స్పీడ్ ఎందుకు తగ్గింది?" ఏడో తరగతి రేషియో పాఠంలో ఒక విద్యార్థి అడిగాడు. లెక్క కరెక్ట్‌గానే చేశాడు, అర్థం మాత్రం అందలేదు. ఆ లెక్కే ఈ నెల మీ కోసం.

బ్రిటన్‌లో చాలామంది విడిభాగాలు కొని ఇంటి గ్యారేజీలోనే 'కిట్ కారు' బిగించుకుంటారు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ లాంటి తేలికైన కార్లంటే వారికి ఇష్టం. కొందరు అందులో సుజుకి హయబుసా బైక్ ఇంజిన్, గేర్‌బాక్స్ పెడతారు. అక్కడి నుంచి ఒక షాఫ్ట్ వెనుక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్‌ను తిప్పుతుంది. పాత ఫోర్డ్ సియెర్రా డిఫరెన్షియల్‌లో 3.14, 3.62, 3.92 వంటి రేషియోలు దొరుకుతాయి. 3.92 అంటే, షాఫ్ట్ 3.92 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది.

లెక్క చేద్దాం

ఇంజిన్ నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. ఇంజిన్‌లోని ప్రైమరీ గేర్ 1.596, ఆరో గేర్ 1.043. ఈ రెండింటితో భాగిస్తే షాఫ్ట్‌కు సుమారు 6,000 చుట్లు. టైరు చుట్టుకొలత 1.73 మీటర్లు అయితే:

• 3.14తో: చక్రం 1,911 చుట్లు, గంటకు సుమారు 198 కి.మీ.
• 3.92తో: చక్రం 1,531 చుట్లు, గంటకు సుమారు 159 కి.మీ.

స్పీడ్ తగ్గింది. కానీ 3.92 ÷ 3.14 = 1.25 సుమారుగా. అంటే చక్రం దగ్గర తోసే బలం 25 శాతం పెరిగింది.

మరి ఏది మంచిది?

110 కి.మీ. వేగంతో హైవేపై వెళ్తే 3.14కు ఇంజిన్ 5,550 చుట్లు తిరిగితే చాలు, 3.92కు 6,900 కావాలి. దూర ప్రయాణంలో ఆ మోత భరించడం కష్టం. అలాగని 3.14 తీసుకుంటే ఆగిన కారు కదలడానికి క్లచ్‌ను ఎక్కువసేపు జారనివ్వాలి. బైక్ బరువుకు తయారైన క్లచ్ త్వరగా అరిగిపోతుంది. మలుపులు ఎక్కువున్న చిన్న రేస్ ట్రాక్‌కు 3.92 నయం. రోడ్డు, ట్రాక్ రెండూ కావాలంటే 3.62 చూడవచ్చు. కారు ఎక్కడ నడుస్తుందో తెలిస్తేనే జవాబు దొరుకుతుంది.

ఇంట్లో చేసి చూడండి

పిల్లలతో సైకిల్ పళ్లు లెక్కపెట్టించండి. పెడల్ దగ్గర 44, వెనుక 18 ఉంటే 44 ÷ 18 = 2.44. ఇక్కడ నంబర్ పెద్దదైతే స్పీడ్ పెరుగుతుంది, డిఫరెన్షియల్‌కు సరిగ్గా వ్యతిరేకం! ఎందుకంటే ఇది పెడల్ ఒక్క చుట్టుకు చక్రం తిరిగే చుట్ల లెక్క. అక్కడ చక్రం ఒక్క చుట్టుకు షాఫ్ట్ తిరిగే చుట్ల లెక్క.

అందుకే హోంవర్క్ చూసేటప్పుడు "ఆన్సర్ ఎంత?" అని మాత్రమే కాకుండా, "దేనికి, దేనికి మధ్య రేషియో ఇది?" అని కూడా అడగండి. మా క్లాసులో ఆ అబ్బాయి సందేహం తీరింది ఈ ఒక్క ప్రశ్నతోనే. మీ పిల్లలు లెక్కపెట్టిన సైకిల్ పళ్ల సంఖ్యను డైరీలో రాసి పంపండి, క్లాసులో పోల్చి చూస్తాం.

మీ మ్యాథ్స్ టీచర్